శ్రుతి తప్పిన నవ్వు

సంక్రాంతి వెళ్లిన వారమున ఒక స్త్రీ మా యింటికి వచ్చి, పదునైదేండ్ల క్రిందట నేను చేసిన యొక తప్పును తనకు ఇమ్మని యడిగినది. ఆ తప్పు డీవీడీ బిళ్ల రూపమున మా పుస్తకముల బీరువాలో, శబ్దమంజరికిని ఒక యింగ్లీషు వ్యాకరణమునకును నడుమ భద్రముగా నుండెను. నన్ను నిందించుటకు ఆమె దానిని అడుగలేదు. తన యింట దాచుకొనుటకు అడిగినది. నిందించియున్నచో నాకు సులభముగా నుండెడిది. ఆ సంగతి చెప్పుటకే యీ వ్యాసము. అయితే దానికి ముందు రెండు కథలు చెప్పవలసియున్నది. ఒకటి సముద్రముల కావలిది; రెండవది మా చోడవరముది.

పండుగ సెలవులకు వచ్చిన మా పెద్దవాడు తన కంప్యూటరులో నాకొక యమెరికా చలనచిత్రమును చూపెను. దాని పేరు 'దిస్ ఈజ్ స్పైనల్ టాప్'. 1984లో వెలువడినది, దర్శకుడు రాబ్ రైనర్. ఇంగ్లాండు దేశపు రాక్ సంగీత మేళమొకటి, యౌవనమును కీర్తియు జారిపోవుచుండగా, అమెరికాలో ఊరూర కచేరీలు చేయ బయలుదేరును. ఒక దర్శకుడు కెమెరాతో వారి వెంట తిరిగి, జరిగినది జరిగినట్లు చిత్రించి మనకు చూపుచున్నట్లుండును. నిజమునకు ఆ మేళమును లేదు, ఆ యాత్రయు లేదు. వెంట తిరిగిన దర్శకుడును రైనరు వేసిన వేషమే. యథార్థచిత్రముయొక్క వేషము వేసికొనిన ప్రహసనమన్నమాట. సంభాషణలలో పెక్కు భాగము నటులు అప్పటికప్పుడు కల్పించి పలికినవే.

ఆ మేళమువారి యవస్థలు చెప్పిన తఱుగునవి కావు. గిటారు వాయించువాడు తన శబ్దవర్ధక యంత్రమును చూపి, లోకములోని యంత్రములన్నిటికిని మీట పదివఱకే తిరుగును గాని తనదానికి పదునొకండు కలదని మురియును. పదినే మఱికొంత బిగ్గరగా నుండునట్లు చేయరాదా యని యడిగినచో, కొంచెము సేపు ఆలోచించి, ఇది పదునొకండువఱకు పోవును గదా యని మొదటికే వచ్చును. రంగమున దింపుటకు స్టోన్‌హెంజి యను ప్రాచీన శిలామండలపు నమూనా కావలసివచ్చును. 18 అడుగులని గుర్తు వేయవలసినచోట 18 అంగుళములని వేయుటచే, నలుగురును చూచుచుండగా మోకాలియెత్తు బొమ్మ దిగును. వారి డోలు వాయించువారు ఒకరి తరువాత నొకరు విపరీతముగా చనిపోవుచుందురు. ఒకడు తోటపనిలో, ఒకడు వాయించుచునే తనంతట తాను భగ్గుమని మండి. ఒక ఊర కచేరీకి సిద్ధమై, రంగమునకు దారి తెలియక ఆ భవనపు నడవలలోనే తిరుగాడుదురు. తుదకు ఒక వినోదశాలలో, ముందున్న ఫలకమున బొమ్మలాట పేరు పైనను, వీరి పేరు దాని క్రిందను ఉండును.

అంతవఱకు నేను కడుపుబ్బ నవ్వితిని. ఆ ఫలకమును చూచినంతనే నా నవ్వు నిలిచిపోయినది. “ఏం నాన్నా, అర్థం కాలేదా?” అని మావాడడిగెను. అర్థమైనందుననే నవ్వలేకపోతినని వానికి చెప్పలేదు. అట్టి ఫలకమును నేను మా యూరి తీర్థమున చూచియుంటిని.

నేను పుట్టినదియు, చదువు చెప్పుచున్నదియు చోడవరముననే. 2022 వఱకు ఇది విశాఖపట్టణము జిల్లాలోనిది. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనిది. జిల్లా మాఱినను చెఱకు మాఱలేదు, బెల్లము మాఱలేదు, సంక్రాంతితో మొదలగు తీర్థములు మాఱలేదు. కొన్ని సీమలవారికి తీర్థమనగా పుణ్యజలము. మాకు ఊరి జాతర. పగలు గ్రామదేవతకు మ్రొక్కులు, జీళ్ల దుకాణములు, రంగులరాట్నములు, రాత్రి నాటకము. నా చిన్నతనమున నాటకమనగా పద్యనాటకమే. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగములోని పద్యములును, బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్రలోని పద్యములును అక్షరమెఱుగని రైతులు సైతము తప్పులేకుండ ఒప్పజెప్పుచుండిరి. పదిగంటలకు తెఱ లేచినచో తెల్లవాఱువఱకు దిగెడిది కాదు. ఒక్క నాటకమునకు ముగ్గురు కృష్ణులు: పడకసీనున నొకడు, రాయబారమున నొకడు, యుద్ధభూమిని మూడవవాడు. పొడుగువాడు పోయి పొట్టివాడు వచ్చినను, అవతారమూర్తి గదా యని జనులు సరిపెట్టుకొనుచుండిరి. 'వన్సుమోర్' అను కేక పడినచో, చచ్చిన వీరుడును లేచి పద్యము పాడి మఱల చచ్చెడివాడు.

ఈ రంగస్థలము మనకు అతిప్రాచీనమైనదేమియు గాదు. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు విద్యార్థులచేత నాటకమాడించినది 1880లో. కడప మండలపు సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు కుటుంబములను కూర్చి నాటక సమాజమును ప్రారంభించినది 1885లో. మా యుత్తరాంధ్రమున పీసపాటి నరసింహమూర్తిగారు కృష్ణవేషమున వచ్చుచున్నారన్నచో పది గ్రామముల బండ్లు కదలుచుండెను. అంతటి వైభవము రెండు మూడు తరములలో వచ్చి, మా కన్నులయెదుటనే తగ్గినది. చలనచిత్రములు కొంత తీసికొనిపోయినవి. ఇంట నున్న పెట్టె మఱికొంత తీసికొనిపోయినది. మిగిలినదానిని చేతిలోని ఫోను తీసికొనిపోయినది. తీర్థమువారు వేయించు ఫలకములపై డ్యాన్సు ప్రోగ్రాము పెద్ద యక్షరములతో పైకెక్కినది. దాని యడుగున, చందాలు మిగిలినచో అన్నట్లు, సన్నని యక్షరములతో 'శ్రీకృష్ణ రాయబారము' నిలిచినది.

ఆ సన్నని యక్షరముల వెనుక నుండిన పెద్దమనుష్యుడొకడు మా వీధివాడు. పగలు బెల్లపు వర్తకుని కొట్టులో లెక్కలు వ్రాయు గుమాస్తా; రాత్రి కృష్ణుడు. మొదట మూడవ కృష్ణుడుగా చేరి, ముందున్న యిద్దఱును గతింపగా, మూడు కృష్ణులకును తానే మిగిలినవాడు. అఱువది దాటిన పిమ్మట పడకసీనున పరుండుట ఆయనకు సుఖముగానే యుండెను, లేచుటయే కష్టము. అర్జునుడు పాదములకు మ్రొక్కు నెపమున నడుము క్రింద చేయి వేసి లేపుచుండెను. ఒక యూర విశ్వరూపము చూపుచుండగా కరెంటు పోయినదట. రంగురంగుల దీపములన్నియు ఆఱి, చిమ్మచీకటిలో కృష్ణుడు చేతులు చాచి నిలువగా, ముందు కూర్చున్న ముసలమ్మ, ఇదిగో ఇప్పుడు కనబడినదమ్మా నిజమైన విశ్వరూపము అని చెంపలు వేసికొనినదట. ఈ కథను ఆయనయే మాకు చెప్పి, మాకంటె ముందు తానే నవ్వుచుండెను.

2011లో మా పాఠశాల వార్షికోత్సవమునకు పిల్లలచేత నవ్వు పుట్టించు నాటిక నొకటి వేయింపుమని పెద్దలు నన్ను కోరిరి. అప్పటికి నాకు ముప్పది యేండ్లు. సంస్కృతమున ప్రహసన లక్షణమును, ఇంగ్లీషున వ్యంగ్యరచనలను చదివినవాడను; ఆ రెండు చదువులును కలిసినచో మనుష్యునకు ఎంత గర్వము కలుగునో అంతయు నాకుండెను. ఒక విలేఖరి మైకు పట్టుకొని మా యూరి మహానటుని జీవితమును చిత్రించుచున్నట్లు నాటిక వ్రాసితిని. ఆ యమెరికా చిత్రము పేరైనను అప్పటికి నేను వినలేదు. అయినను దాని యెత్తునే యెత్తితిని. హేళన చేయువానికి గురువు అక్కఱలేదు. నా నాటికలో ముసలి కృష్ణుడు ఒక యక్షరమును పట్టుకొని రాగము తీయుచుండగా విలేఖరి గడియారము చూచును, కాఫీ త్రాగును, చాప పఱచుకొని నిద్రించును, లేచి మొగము కడుగుకొని వచ్చును. రాగము సాగుచునే యుండును. పడకమీదినుండి కృష్ణుని లేపుటకు నలుగురు బాలురు త్రాడు కట్టి లాగుదురు.

కృష్ణవేషమునకు కుదిరిన బాలుడు గొంతు గలవాడు. నెలదినములు సాయంకాలమందు ఆయన యింటి యరుగు చెంతకు పోయి, పాట విని, ఆ తీరును పట్టుకొని వచ్చెను. కిరీటము మాత్రము ఎక్కడను దొరకలేదు. సంగతి విని ఆయనయే తన కిరీటమును పెట్టెలోనుండి తీసి, ఊడిన యద్దపు ముక్కలను లక్కతో అతికించి, మఱునాడు పాఠశాలకు స్వయముగా తెచ్చి యిచ్చెను. “ఏం నాటకం మాస్టారూ?” అని యడిగెను. “కృష్ణుడి గురించేనండీ” అంటిని. అది యబద్ధము గాదు. నిజము చెప్పకుండుటకు అంతకంటె చక్కని మాట నాకు దొరకలేదు.

ఆ రాత్రి ఆయన ఉతికిన పంచె కట్టి, కండువా వేసికొని, మొదటి వరుసలో కూర్చుండెను. జనము విఱుగబడి నవ్వుచుండిరి. నేను తెఱ ప్రక్కనుండి నాటికను గాక ఆయన మొగమును చూచుచుంటిని. మొదట ఆయన చేయి తొడమీద తాళము వేయుచుండెను. విలేఖరి చాప పఱచినప్పుడు ఆ చేయి ఆగినది. త్రాటితో లాగు ఘట్టమున, చుట్టునున్న వారందఱును తనవైపు తిరిగి చూచుచుండగా, ఆయనయు నవ్వెను. భరతముని నవ్వులను ఆఱు విధములుగా విభజించెను: స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము. మొదటి రెండు ఉత్తములకు, నడిమి రెండు మధ్యములకు, కడపటి రెండు అధములకు. పదిమంది నడుమ పరువు కాచుకొనుటకు ముసలివాడు నవ్విన యా నవ్వునకు ఆ పట్టికలో పేరు లేదు.

ఆట ముగిసినంతనే ఆయన తెఱ వెనుకకు వచ్చెను. నేను చేతులు జోడించితిని. ఆయన నావైపు చూడక, రంగు కడుగుకొనుచున్న బాలుని దగ్గఱకు పోయి యిట్లనెను: “మోహనలో మధ్యమం లేదు బాబూ. నువ్వు దాని మీదే నిలబడ్డావు. వెక్కిరించినా శ్రుతిలో వెక్కిరించాలి.” అని అక్కడనే బల్లమీద కూర్చుండి, ఆ పద్యపాదమును సన్నని గొంతుతో పాడి, వాడు సరిగా పట్టుకొనువఱకు నాలుగైదుసారులు పాడించెను. పిమ్మట కిరీటమును తుండుగుడ్డలో చుట్టుకొని, గడప దాటుచు, “బాగా నవ్వించారు మాస్టారూ” అని పోయెను.

నాట్యశాస్త్రము చివర నొక కథ గలదు. నాట్యము నేర్చిన భరతుని కుమారులు మదించి, ఋషులను వెక్కిరించుచు ప్రదర్శనము చేయగా, ఋషులు కోపించి వారిని శపించిరట. నటులు సంఘమున తక్కువవారుగా చూడబడుటకు ఆ శాపమే కారణమని గ్రంథము చెప్పును. చోడవరమున కథ తలక్రిందులైనది. వెక్కిరించినవాడు ఉపాధ్యాయుడు, వెక్కిరింపబడినవాడు నటుడు. నటుడు శపింపలేదు, పాఠము చెప్పి పోయెను. ఇంతకంటె శపించియుండినను బాగుగా నుండెడిది.

చదువరులారా, నవ్వు సంఘమును బాగుచేయు సాధనమని మన పెద్దలు నమ్మిరి. నమ్ముటయే గాక చేసి చూపిరి. వీరేశలింగము పంతులుగారి వ్యవహారధర్మబోధిని న్యాయస్థానముల చుట్టు జరుగు నక్రమములను ఎండగట్టినది. 1892లో మా పొరుగు విజయనగరమున ప్రదర్శింపబడిన గురజాడవారి కన్యాశుల్కము పసిపిల్లల నమ్ముకొను తండ్రులను నవ్వులపాలు చేసినది. ఆ నవ్వులు ధనమును, అధికారమును, ఆచారమును డాలుగా పట్టుకొనినవారి మీదికి పోయినవి. మా ముసలి కృష్ణుని చేతిలో నే డాలున్నది? లక్కతో నతికిన యద్దపు ముక్కల కిరీటము. అదియు నాకే యెరువిచ్చెను. సంస్కర్తల కొరడాను చేతబట్టి, దానితో పడిపోవుచున్నవానిని కొట్టి, నేను సంస్కర్తనైతినని మురిసితిని.

క్షీణించిన కళాకారుని చూచి నవ్వనే కూడదని నేననుట లేదు. నవ్వు చొరనీయని గౌరవము బ్రతికియున్నవానికి పెట్టు శ్రాద్ధము వంటిది. ఆ యమెరికా చిత్రమును మఱల చూచినప్పుడు నాకు భేదము తెలిసినది. అందు మేళమువారి వేషములు వేసిన క్రిస్టొఫర్ గెస్ట్, మైకేల్ మెకీన్, హ్యారీ షియరర్ అను మువ్వురును సంగీతము వచ్చినవారు. పాటలు తామే కట్టిరి, తామే పాడిరి, తామే వాయించిరి. ఆ కల్పిత మేళము పేరుతోనే 1992లో లండను నగరపు రాయల్ ఆల్బర్ట్ హాలున నిజమైన కచేరి చేసిరి. 2025లో, ముసలివారై, అదే దర్శకుని క్రింద రెండవ చిత్రమునందును నటించిరి. తాము పరిహసించు విద్యను వారు ముందుగా నేర్చిరి, ప్రేమించిరి. కావున వారి నవ్వు శ్రుతిలో నున్నది. మోహనలో మధ్యమము లేదని తెలియకయే నేను నవ్వించితిని.

మఱియొక భేదమున్నది. ఆ చిత్రము కడపట వారికి జపాను దేశమున ఆదరణ దొరకును. మా కృష్ణునికి జపాను లేదు. ఆయన కీర్తి మాడుగులవఱకు పోయి తిరిగివచ్చెడిది. ఎన్నడును లేని యా మేళపు చిత్రమును 2002లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమువారు భద్రపఱుపదగిన చిత్రముల పట్టికలో చేర్చిరి. మా యూర నలువదియేండ్లు నిజముగా పాడినవాని గొంతు ఎక్కడ భద్రముగా నున్నది? 2019లో ఆయన పోయినప్పుడు ఈ ప్రశ్న నాకు తోచలేదు. మొన్న సంక్రాంతికి ఆయన కూతురు మా గుమ్మమున నిలిచినప్పుడు తోచినది.

“మా నాన్న పాడినది మాకేదీ మిగల్లేదు మాస్టారూ” అని ఆమె చెప్పినది. ఉన్న యొక టేపు బూజుపట్టి తెగినదట. ఫోనులో తీసినవి ఫోనుతోడనే పోయినవట. “మీ స్కూల్లో పిల్లలు వేసినది వీడియో తీశారుగా, అది ఇప్పించండి.” నేను తలవంచుకొని, “అది ఆయన్ని వెక్కిరిస్తూ వేసినదమ్మా” అంటిని. “తెలుసండీ, నేనూ చూశానుగా. కానీ ఆ కుర్రాడు దమ్ము తీసుకునే చోట మా నాన్నే వినిపిస్తాడు.”

బజారులోని ఫోటో దుకాణమున ఆ బిళ్లనుండి నకలు తీయించి, మా యింటనే ఆమెతో కలిసి చూచితిని. త్రాటితో లాగుచోట ఆమె నవ్వినది. రాగము వచ్చుచోట నవ్వు మాని, ముందుకు వంగి వినినది. హేళనకై నేర్చినను, ఆ బాలుడు నెలదినములు అరుగు చెంత నిలిచి నేర్చినది విద్యయే. ఆయనకు మిగిలిన శిష్యుడు వాడొక్కడే; ఆయన గానమునకు మిగిలిన సాక్ష్యము ఆ పరిహాసమొక్కటే. లేని మేళమునకు యథార్థచిత్రము తీసినవారిని మెచ్చుకొందము; కాని ఉన్న మేళమునకు ఆ మాత్రమైనను చేయని మనల నేమనవలెను? నేడు చేతిలో కెమెరా లేని మనుష్యుడు లేడు. ఊరూర నింకను పద్యమెఱిగిన ముసలివారు, బుఱ్ఱకథకులు, హార్మోనియము వాయించువారు నలుగురైదుగు రుందురు. ప్రతి పాఠశాలయు ఏటికొకరిని పిలిచి, కూర్చుండబెట్టి, పాడించి, చిత్రించి దాచినచో ఖర్చేమియు లేదు. సన్మానములు, శాలువలు పిమ్మట చూచుకొనవచ్చును.

ఆ బాలుడిప్పుడు బాలుడు గాడు. విశాఖపట్టణమున కాంట్రాక్టు పనివాడు. ఆ సాయంకాలము వానికి ఫోను చేసి, జరిగినది చెప్పి, ఆ పద్యము జ్ఞాపకమున్నదా యని యడిగితిని. బస్సుల రొదలో నిలిచి పాడెను. మధ్యమము లేదు.

ఈ యేటి వార్షికోత్సవమునకు వానిని రమ్మంటిని. తండ్రి కిరీటమును ఆమె యిచ్చెదనన్నది. ఏ నాటకమని ఆమెయు అడిగినది. ఈసారి ఉన్నదున్నట్లు చెప్పితిని.